చీర తిరగేసి చూసినట్టు

చీర కొనేటప్పుడు అంచు ఒక్కటే చూసి డబ్బిచ్చేసే ఆడవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా చెప్పండి? కొంగు విప్పించి, తిరగేసి, వెలుగులో పట్టుకుని చూస్తేగాని మనకి తృప్తి ఉండదు. అలాంటిదాన్ని, క్రెడిట్ కార్డు దగ్గరికొచ్చేసరికి అంచు చూసే బోల్తాపడబోయాను.

నా పేరున ఒక కార్డుండాలని ఎన్నాళ్ళుగానో కోరిక. మావారి కార్డుకి జతగా ఒకటి ఇస్తారట. పేరు నాదే గాని, బిల్లు ఆయనకొస్తుంది. "నాలుగో తారీకున 840 రూపాయలు దేనికయ్యాయోయ్?" అంటే జవాబు చెప్పుకోవాలి. ముప్ఫయ్యేళ్ళుగా చెప్పుకున్న జవాబులు చాలవూ? ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు నా దగ్గరుంది. జీతం లేని గృహిణులైనా, డిపాజిట్ వేసి దాని మీద కార్డు తీసుకోవచ్చని మా మేనల్లుడు చెప్పాడు.

మూడు బ్యాంకుల కాగితాలు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాను. ఒకదాంతో సూట్‌కేసు ఉచితం. రెండోదాంతో సినిమా టిక్కెట్టుకి టిక్కెట్టు ఉచితం. మూడోదానికి బొమ్మల్లేవు, "ఎప్పటికీ ఫీజు లేదు" అన్న ఒక్క ముక్క తప్ప. చెప్పొద్దూ, నా మనసు సూట్‌కేసు మీదికే పోయింది.

"ఇంత ఆలోచనెందుకూ, మూడింటికీ పెట్టెయ్" అన్నారు మావారు.

"వద్దత్తయ్యా!" అన్నాడు మేనల్లుడు. "అప్లికేషన్ పెట్టినప్పుడల్లా బ్యాంకు మన అప్పుల చరిత్ర తెప్పించుకుంటుంది. ఆ సంగతీ అందులో నమోదవుతుంది. ఒకేసారి మూడు చోట్ల అడిగితే, డబ్బుకి ఇబ్బంది పడుతోంది కాబోలు అనుకుంటారు. స్కోరు తగ్గినా తగ్గొచ్చు. ముందు ఆ ఒక్క పేజీ చదువు."

అప్లికేషన్‌తోపాటు వడ్డీ, ఛార్జీలు ఒక్క పేజీలో రాసివ్వాలని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టిందట. కళ్ళద్దాలు పెట్టుకుని కూచున్నాను.

సూట్‌కేసు కార్డుకి ఏడాదికి 999 రూపాయల ఫీజు. దానిమీద 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 1,179. లక్ష రూపాయలు ఖర్చుపెడితే ఫీజు మాఫీ! వెయ్యి మిగుల్చుకోడానికి లక్ష తగలెయ్యడమా? ఇక సినిమాల మాటంటారా, మేం హాలుకి వెళ్ళి ఏడాది దాటింది.

వడ్డీ 3.5 శాతం అని ఉంటే, ఫరవాలేదే అనుకున్నాను. పక్కన సన్నని అక్షరాల్లో "నెలకి" అని ఉంది. అంటే ఏడాదికి 42! కార్డుతో నగదు తీస్తే తీసిన రోజునుంచే వడ్డీ, పైన రుసుమూ.

అప్పుడు గుర్తొచ్చింది మా చెల్లెలు. 20,000 పెట్టి ఫ్రిజ్ కొని, బిల్లులో "కనీస మొత్తం" అని ఉన్న 1,000 కట్టి, ఈ నెలకి బాకీ తీరిందనుకుంది పిచ్చిది. వడ్డీ 700, దానిమీద పన్ను 126 పోగా, అసలుకి చేరింది 174 రూపాయలు. ఏడాదిలో 11,000 పైచిలుకు కట్టాక కూడా బాకీ దాదాపు 18,000 ఉంది. మరిదిగారితో చెప్పలేక గొలుసు తాకట్టు పెట్టి తీర్చింది. అది ఏడుస్తూ చెప్పినప్పుడు, "చదువుకున్నదానివి, చూసుకోవద్దూ?" అని కసిరాను కూడాను. ఆ ఉచితాల బొమ్మలు చూసి మురిసిన నేను మాత్రం ఏం చూసుకున్నాను?

దానికి ఫోన్ చేసి ఆ మాటే అన్నాను. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం.

బొమ్మల్లేని కార్డే తీసుకున్నాను. కొన్నదాని లెక్క పోపులపెట్టె పక్కనున్న నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మొదటి బిల్లు నా పేరున వచ్చింది: 640 రూపాయలు. గడువుకి నాలుగు రోజుల ముందే మొత్తం కట్టేశాను, వడ్డీ పడలేదు.

"దేనికయ్యాయోయ్?" అన్నారు మావారు అలవాటుగా.

"నా బిల్లండీ!" అన్నాను.