ఎడమ కంటి బొమ్మ

సంక్రాంతి సెలవులకి కడియం స్టేషన్లో పాసింజరు దిగితే ముందు తడిమట్టి వాసన, ఆ వెనకే చామంతులు. అమ్మమ్మ గారి ఊరు కడియపులంక. తాతయ్యకి ఎకరం నర్సరీ. రోడ్డు పొడుగునా బోర్డులు, లారీలెక్కి రాష్ట్రాలు దాటే పెద్ద పెద్ద చెట్లు అప్పటికింకా లేవు. మామిడంట్లు, సపోటా అంట్లు, గులాబీలు, క్రోటన్లు, అంతే. గూటీ కట్టేటప్పుడు తాతయ్య పలికేవాడు కాదు. కొమ్మ బెరడు ఉంగరంలా ఒలిచి, తడి నాచు చుట్టి, ప్లాస్టిక్ కాయితం బిగించి కట్టాకే మనకేసి చూడ్డం.

చిన్నమావయ్య ఓడలో పనిచేసేవాడు. ఏదో రేవులో పాతదొకటి, స్టీరియో రియలిస్ట్ కెమెరా కొన్నాడు. 1947లో అమెరికాలో మొదలైన సరుకు. రెండు కళ్ళలాగే రెండు లెన్సులు, మధ్య 70 మిల్లీమీటర్ల ఎడం. ఒక్క నొక్కుకి రెండు బొమ్మలు. రీళ్ళు మళ్ళీ ఓడెక్కాక పై దేశంలో కడిగించేవాడు కాబట్టి, ఈ పండక్కి తీసిన బొమ్మ పై పండక్కి గానీ మా కంటపడేది కాదు.

ఊళ్ళో పిల్లలకి వ్యూమాస్టర్ తెలుసు. చక్రంలో 14 బొమ్మలు, ఏడు దృశ్యాలు, అన్నీ ఎక్కడెక్కడివో. మా స్లయిడ్ల పెట్టెలో మాత్రం మా తాతయ్యే, చెయ్యి చాపితే తగిలేటంత దగ్గర్లో. ఆ స్లయిడ్లో ఎడం పక్కన పందిరి గుంజ దగ్గర ఏదో మినుకుమినుకుమనేది. అడిగితే "ఫిల్ములో లోపంరా" అనేవాడు మావయ్య.

అమ్మమ్మ ఫొటో దిగేది కాదు. "నా బొమ్మెందుకురా, ఆయుష్షు తగ్గుద్దంట," అని కెమెరా కనబడగానే చెట్ల చాటుకి పోయేది.

1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు ఆ పెట్టెని భయంకొద్దీ అటకెక్కించారు. దించిన పాపాన ఎవరూ పోలేదు. మొన్నీమధ్య నా చేతికొచ్చింది. తేమకి సగం స్లయిడ్లకి బూజు, సాలెగూడు అల్లినట్టు. అద్దాల మధ్య బిగించినవాటిని విప్పాను. అద్దానికి ఫిల్ము ఆనితే స్కానులో రంగు వలయాలు పడతాయి. ఒక్కో జతకీ గంట. రబ్బరు బుడ్డితో ఊదడం, మెత్తటి కుంచెతో తుడవడం. స్కానర్లో పరారుణ కాంతితో దుమ్ము దానంతటదే చెరిపే ఏర్పాటుంది గానీ, కోడాక్రోమ్ ఫిల్ము దగ్గర దానికి దుమ్మేదో బొమ్మేదో తెలీదు. ఆపేశాను. (ఆపడమే మంచిదయింది.)

2400 డీపీఐలో ఒక్కో కన్నూ రెండు వేల పిక్సెళ్ళ పైచిలుకు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఎత్తు సరిచూసి, ఫోన్లోకి ఎక్కించి, అట్టపెట్టె కళ్ళద్దాల్లో చూశాను. మొదటిసారి కుడిఎడమలు తారుమారు చేశాను. దూరం దగ్గరై, దగ్గర దూరమై, తాతయ్య వెనకున్న కొబ్బరిచెట్లు ఆయన్ని తోసుకుని ముందుకొచ్చి నిలబడ్డాయి. మార్చి చూస్తే అన్నీ వాటి చోట్లో ఉన్నాయి. గుంజ దగ్గర ఆ మినుకు కూడా.

ఫోన్ పక్కన పెట్టి, కంప్యూటర్లో ఎడమ బొమ్మ పెద్దది చేశాను. గుంజ వెనకనుంచి ఒక కన్ను, కొంగు అంచు, దుమ్ము చుక్కంత ముక్కుపుడక. కుడి బొమ్మలో కొంగు అంచొక్కటే ఉంది. ఒక లెన్సుకి చిక్కి రెండో దానికి చిక్కలేదు గనక రెండు కళ్ళూ కలవక అక్కడ మినుకుమనేది. లోపమేమీ లేదు. అమ్మమ్మ దాక్కుంది, నాలుగు వేళ్ళ ఎడంలో దొరికిపోయింది.

మావయ్య లేడు, చెబుదామంటే.

ఆ ఎడమ బొమ్మ ఒక్కటీ ప్రింటు తీయించాను. అమ్మమ్మది ఇంకో ఫొటో మా ఎవరిళ్ళలోనూ లేదు.