మూడో అంతస్తు కుర్రాడు

గుంటూరులో ఫిజియోథెరపీ చదివే రోజుల్లో వెన్నుపాము దెబ్బతిన్న వాళ్లంటే తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు, లారీ గుద్దినవాళ్లు. షికాగోలో నా దగ్గరికి వచ్చే పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లల్లో చాలామందికి తుపాకీ గుండు తగిలింది. అమెరికాలో ఏటా కొత్తగా వెన్నుపాము దెబ్బతినే సుమారు 18,000 మందిలో దాదాపు ఏడుగురిలో ఒకరికి హింసే కారణం.

తల్లులు మొదట అడిగేది ఒకటే: "ఆ గుండు తీసేస్తే కాళ్లు వస్తాయా?" వెన్నులో ఛాతీ భాగాన తగిలిన గుండును చాలాసార్లు అలాగే వదిలేస్తారు. తీసినా పోయిన కదలిక తిరిగి రాదు. ఆ మాట డాక్టరు చెప్పాక కూడా నన్ను మళ్లీ అడుగుతారు. మళ్లీ చెబుతాను.

చుట్టాలు మాత్రం "ఏం చేస్తే కాల్చారో" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. బస్టాపులో నిలబడ్డ పిల్లాడికీ తగులుతుంది గుండు. తప్పు చేసినవాడైనా సరే, వాడి పిరుదుల మీద పుండు పడకుండా చూడాల్సిందే.

పుండ్లంటే మాకు అంత భయం. స్పర్శ ఉండదు గనక పావుగంటకో అరగంటకో చేతులమీద లేచి, బరువు మార్చి కూర్చోవాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి కాథెటర్ పెట్టుకోవాలి. అమ్మ చేత పెట్టించుకోవడం ఆ వయసు మగపిల్లాడికి చచ్చేంత సిగ్గు, అందుకే తనంతట తనే నేర్చుకునేదాకా వదలం. వెన్నుపాము గాయం ఛాతీ పైభాగంలో ఉంటే, మూత్రాశయం నిండినా చాలు, బీపీ ప్రాణం మీదికి తెచ్చేంత పెరగొచ్చు. ఆ సంగతి రాసిన కార్డు జేబులో పెట్టి పంపుతాం.

పెళ్లి, పిల్లలు, కారు నడపడం గురించి నన్ను అడగరు. ఎప్పుడో ఇలాగే గాయపడి, కుర్చీలోనే బతుకు నిలబెట్టుకున్న ఒకాయన వస్తాడు. ఆయన్ని అడుగుతారు. నేను గది బయటికి వెళ్లిపోతాను.

ఇవన్నీ నేర్పడానికి 1970లలో సగటున 98 రోజులుండేవి. ఇప్పుడు నెల, కాస్త అటూఇటూ. ఆ నెలలో ఒంటి సంగతి చూస్తాం, ఇల్లు మిగిలిపోతుంది. వీల్‌చెయిర్‌కు అనువుగా కట్టాలన్న దేశ చట్టం 1991 మార్చి తర్వాత వచ్చిన, నాలుగు అంతకుమించి వాటాలున్న భవనాలకే. ఈ పిల్లలుండేవి పాతకాలపు ఇటుక ఇళ్లు, లిఫ్టు లేని మూడంతస్తులు. వాళ్లను కాల్చిన సందు మలుపు కిటికీలోంచే కనబడుతుంది.

పునరావాసానికి కేటాయించే డబ్బు ఆస్పత్రి గడప దాటి ఇంటిదాకా వెళ్లాలని నేను పోట్లాడేది అందుకే.

మొన్నామధ్య ఒక మూడో అంతస్తు కుర్రాణ్ని వాళ్ల పిన్ని వేరే పేటలో తన కింది వాటాకు తీసుకెళ్లింది. టేపుతో కొలిస్తే బాత్‌రూమ్ గుమ్మంలో కుర్చీ పట్టలేదు. వాళ్ల బాబాయి తలుపు ఊడదీసి కర్టెన్ కట్టాడు. వెనక గుమ్మానికి చెక్క ర్యాంపు వేస్తే బాగా నిటారుగా వచ్చింది, ఇంకా పొడవు పెంచమన్నాను.