ఎవరి ఖసూర్?

చెల్లి కొడుక్కి ఖత్నా చేయించబోతే డాక్టర్ సాబ్ చూసి, ‘ఒక వృషణం సంచిలోకి దిగలేదు’ అన్నారు. పిల్లాడికి ఏడు నెలలు. ‘చుప్! ఖాందాన్‌లో ఎవరికీ చెప్పొద్దు’ అంది అమ్మీ. ఇంటికొచ్చాక ఇల్జామ్ అంతా చెల్లి మీదే. గ్రహణం నాడు కత్తి పట్టుకుందట!

షరమ్ పక్కనబెట్టి అమ్మీని కూర్చోబెట్టాను. ఆరో వారం దాకా కడుపులో ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకేలాంటి గ్రంథులు, రెండేసి జతల నాళాలు. ఏడో వారానికి వై క్రోమోజోమ్ మీది ఎస్‌ఆర్‌వై జన్యువు ఇషారాతో ఆ గ్రంథి వృషణంగా మారడం మొదలవుతుంది. అది తయారయ్యేది పొట్టలో, కిడ్నీల దగ్గర. ఏడో నెల దాటాక కిందికి దిగుతుంది. కొందరికి దారిలోనే ఆగిపోతుంది.

‘ముసాఫిర్ దారిలో ఆగితే తల్లి ఖసూర్ ఏముంది అమ్మీ? ఆరు నెలలకీ దిగకపోతే ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించాలి. దాచిపెడితే రేపు ఔలాద్‌కి ఇబ్బంది కావచ్చు, క్యాన్సర్ ఖత్రా కూడా పెరుగుతుంది.’

అమ్మీ చాలాసేపు తస్బీ తిప్పింది.

‘మీ మామూకి ఔలాద్ లేదని, మేమంతా మీ ముమానీనే అన్నాం బేటా’ అంది.