సంద్రాన్ని అడిగి వెళ్దాం!

‘కళింగపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు...’

రేడియోలోనో టీవీలోనో ఈ మాట వినని ఇల్లు ఉత్తరాంధ్రలో ఉండదు. వింటూనే అన్నం కలుపుకుంటాం. అది పడవలవాళ్లకి చెప్పే కబురులే అనుకుంటాం. శ్రీకాకుళంలో ఉండే ఓ రిటైర్డు లెక్కల మాస్టారు మాత్రం కార్తీకమాసం వచ్చిందంటే ఆ మాట కోసమే టీవీ పెడతారు. ఏటా ఆ నెల్లో ఒక ఆదివారం హైదరాబాదు నుంచి కొడుకూ కోడలూ, విజయనగరం నుంచి కూతురూ అల్లుడూ, నలుగురు మనవలూ దిగుతారు. అందర్నీ సముద్రానికి తీసుకెళ్లి, వెళ్లినంతమందినీ వెనక్కి తీసుకొచ్చే బాధ్యత ఆయనది.

సముద్రానికి మనకేం కొదవ? శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరానిది చిన్నదే, 28 కిలోమీటర్లు. వంశధార కలిసేచోట కళింగపట్నం, మహేంద్రతనయ కలిసేచోట బారువ, చంపావతి కలిసేచోట కోనాడ. అటు అక్కుపల్లి శివసాగర్, భావనపాడు. ఇటు పూసపాటిరేగ మండలంలో చింతపల్లి. ఎక్కడికెళ్లినా బంగారంలాంటి ఇసుక, వెనక సరుగుడు తోటలు, జనం తక్కువ. విశాఖ బీచిలో భుజాలు రాసుకుంటూ తిరిగినవాళ్లకి ఇది స్వర్గమే. కానీ జనం తక్కువంటే, కేక వేస్తే వచ్చేవాళ్లూ తక్కువే.

వెస్టిండీస్ అనగానే మనకు రిచర్డ్స్, లారా గుర్తొస్తారు. ఆ కరేబియన్ దీవులకు సెలవులకెళ్లే విదేశీయులు మాత్రం ముందు క్యాలెండరు చూస్తారు. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అక్కడ హరికేన్ల కాలం. ఆ తర్వాత పటం తీస్తారు. బార్బడోస్‌లో పడమటి తీరం చెరువులా ఉంటుంది, రిసార్టులన్నీ చాలావరకు అటే. తూర్పున అట్లాంటిక్ వైపున్న బత్‌షెబా తీరాన్ని ఒడ్డున నిలబడి చూసి రావాల్సిందే. అక్కడి ప్రవాహాలు ఈతకు పనికిరావు. మన తీరంలో అలా ఇటూ అటూ ఎంచుకునే వీల్లేదు. మొత్తం బంగాళాఖాతానికి ఎదురొడ్డి నిలబడినదే. ఇక క్యాలెండరు సంగతి చెప్పనే అక్కర్లేదు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. పలాస ప్రాంతాన్ని తిత్లీ ఊడ్చేసింది 2018 అక్టోబరు 11న. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది కళింగపట్నానికి కాస్త ఉత్తరంగా. సరిగ్గా ఈ తుపాన్ల రుతువులోనే మన కార్తీకం, మన వనభోజనాలు! పైగా పున్నమి స్నానమంటే, సముద్రం పోటు మీద ఉండే రోజులవి.

అలాగని మానేస్తామా? మాస్టారు మానలేదు. మానేయడానికి కారణమైతే ఆయనకుంది. పాతికేళ్ల కిందట ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న కుర్రాడొకడు ఇంటర్ స్నేహితులతో కార్తీక పిక్నిక్‌కి వెళ్లాడు. ఓ మొగ దగ్గర నీళ్లు నిమ్మళంగా ఉన్నాయని దిగాడు. వాణ్ని పట్టుకోబోయి మరొకడు దూకాడు. ఇద్దరూ రాలేదు. “వాడికి ఈత బాగా వచ్చు. చెరువులో నేర్చుకున్నాడు” అంటారు మాస్టారు, ఎప్పుడు చెప్పినా ఇదే మాటతో ఆపేస్తారు.

ఆ తర్వాతే ఆయన జాలర్లతో మాట్లాడ్డం మొదలుపెట్టారు. అలివి వల లాగుతున్న ఓ ముసలాయన ఆయనకు నేర్పిన పాఠం ఒక్కటే. “అలలు ఇరుగుతున్నకాడ బయపడతారు గాని మాస్టారూ, అదిగో, ఆ మద్దెన సదునుగా ఉంది సూడండి, అదీ మోసం. గుంటల్ని ఆడ దిగనియ్యకండి.”

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒడ్డుకు తోసుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోవాలి కదా! ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ లోతు దొరికితే అక్కడ సన్నని కాలవలా సముద్రంలోకి లాక్కుపోతాయి. అక్కడ అలలు విరగవు. నీళ్లు ముదురు రంగులోనో బురదగానో ఉంటాయి, నురగ ఒడ్డుకు రాకుండా లోపలికి పోతుంటుంది. చూసేవారికి అదే శాంతంగా కనబడుతుంది. దాని వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడైనా ఎదురీదలేడు. చిక్కుకున్నవాళ్లు ఒడ్డుకేసి ఈదే కొద్దీ అలసిపోతారు. చేయాల్సిందల్లా కంగారు పడకుండా తేలడం, చెయ్యెత్తి కేకేయడం, శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది ఆ కాలవలోంచి తప్పుకోవడం. చదవడానికి తేలికే. అందుకే మాస్టారు పిల్లలతో ఇంట్లో ఇత్తడి పళ్లెంలో ఇసుక పోసి, నీళ్లు ఒంపి మరీ చెప్పిస్తారు. నది కలిసే మొగల దగ్గర ఇసుక రోజుకో తీరున మారుతుంది, నిరుడు చూసిన లోతు ఈ ఏడు ఉండదు. ఫొటోలు బాగా వచ్చేదీ అక్కడే. అదే చిక్కు!

ఆయన బయల్దేరేముందు చేసే హడావిడి చూస్తే కోడలికి నవ్వొస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు మీద ఇచ్చే హెచ్చరికలు ఫోనులో చూస్తారు. ఓడరేవు సూచిక అడుగుతారు. మొత్తం పదకొండు నంబర్లు. ఒకటీ రెండూ అయితే ఎక్కడో నడిసముద్రంలో ఉందని. మూడంటే ఈదురుగాలుల ముప్పు ఈ రేవుకే ఉందని. మూడు పడితే ప్రయాణం లేదు. కారు డిక్కీలో మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా, దానికి కట్టిన నైలాను తాడు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకకుండా విసరడానికి. ఒకరి కోసం మరొకరు దూకడం వల్లే ఒక ఇంట్లో రెండు మూడు ప్రాణాలు పోతాయని ఆయన వాదన. 112, 108 నంబర్లు పిల్లలకు కంఠతా రావాలి.

కోడలి కష్టాలు వేరు. “అదంతా సరే మావయ్యగారూ, తడిసిన చీర మార్చుకునే చోటేదీ?” అందోసారి. మాస్టారికి జవాబు దొరకలేదు. న్యాయమైన ప్రశ్న. మన బీచిల గురించి గొప్పలు చెప్పే మగవాళ్లకి ఈ సంగతి ఎప్పుడూ తట్టదు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే చిన్న అల కూడా మనిషిని పడేస్తుంది, కాబట్టి ఇది సౌకర్యానికే కాదు, క్షేమానికీ సంబంధించిందే. ఆ ఏడాది నుంచి ఆడవాళ్లంతా చుడీదార్లు, దుప్పట్లు కట్టడానికి నాలుగు వెదురు కర్రలు.

ఇంకో మార్పు వేళది. మన సముద్రంలో సూర్యుడు పుడతాడేగానీ అస్తమించడు. సాయంత్రం షికారుకెళితే చూస్తుండగానే చీకటి పడుతుంది, ఎండెక్కాక గాలి కూడా లేస్తుంది. అందుకే వీళ్లు తెల్లవారుజామునే బయల్దేరతారు. సూర్యోదయం ఇసుకలో, మోకాళ్లలోతు నీళ్లు ఇద్దరు పెద్దల కాపలాతో, తొమ్మిదింటికల్లా నీళ్లు బంద్. తర్వాత సరుగుడు నీడలో పులిహోర, ఆవపెట్టిన పనసపొట్టు కూర, దప్పళం. వనభోజనం ఉసిరి చెట్టు కింద చేయాలంటారు. ఒడ్డున ఉసిరి ఎక్కడ? ఇంటి నుంచే ఓ కొమ్మ తెచ్చి పాతుతారు. తిన్నాక ఎవరూ నీళ్లవైపు వెళ్లరు, తిరుగుదారిలో శ్రీకూర్మం.

ఒక ఏడాది అన్నీ సర్దుకున్నాక, ముందురోజు రాత్రి మూడో నంబరు పడింది. హైదరాబాదు నుంచి రాత్రంతా రైల్లో వచ్చిన మనవడు ముఖం ముడుచుకున్నాడు.

“వాన కూడా లేదు కదా తాతయ్యా!”

“నాన్నా, ఒడ్డునే నిలబెడదాం, దింపొద్దు” అన్నాడు కొడుకు కూడా.

మాస్టారు కిమ్మనలేదు. పొద్దున్నే అందర్నీ శాలిహుండం తీసుకెళ్లారు. వంశధార గట్టున కొండ మీద ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపాల మధ్య పిల్లలు దాగుడుమూతలాడారు. ఉసిరి కొమ్మ అక్కడే పాతారు. మధ్యాహ్నానికి గాలి మొదలైంది, విస్తళ్లు ఎగిరిపోతుంటే పట్టుకోడానికి ఒకటే పరుగులు. మనవడు మాత్రం చివరిదాకా మూతి బిగించుకునే కూర్చున్నాడు. కారెక్కేటప్పుడు అడిగాడు, “సంక్రాంతి సెలవుల్లో ఏ నంబరూ పడదు కదా?”

మాస్టారు జేబులోంచి పంచాంగం తీసి, పున్నమి ఎప్పుడో చూడ్డం మొదలుపెట్టారు.