ముగియని సాక్ష్యాలు

శుక్రవారం ఉపవాస ప్రార్థన తెలుగు సంఘాల్లో ఎక్కడైనా ఉండేదే. చాంద్రాయణగుట్టలో మాత్రం దానికి వేరే వేళ కుదుర్చుకోవాలి. జుమ్మా నమాజు సమయానికి రోడ్డు కిక్కిరిసిపోతుంది, ఆటో దొరకడం కష్టం. అందుకే నేను చూడబోయిన ఈ చిన్న సంఘం పదింటికే మొదలుపెట్టి పన్నెండున్నరకల్లా ముగించేస్తుంది. సందులో ఓ ఇంటి మొదటి అంతస్తు. మెట్ల నిండా చెప్పులు. లోపల జంపఖానాలు పరిచి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు గోడవారగా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మైకు లేదు. కింద ఇంట్లో చంటిబిడ్డ ఉందని పాస్టరు గారు వద్దన్నారట.

నేను వచ్చింది సాక్ష్యాలు వినడానికి. మన సంఘాల్లో సాక్ష్యం చాలామటుకు ఒకే తీరున నడుస్తుంది. జబ్బు చేసింది, ప్రార్థించాం, నయమైంది. ఉద్యోగం పోయింది, మోకరించాం, దొరికింది. అవి అబద్ధాలని నేననను. చెప్పేవాళ్ల కన్నీళ్లు దగ్గరగా చూసినవాణ్ణి. మరి నయం కాని జబ్బుతో వెనక వరుసలో కూర్చున్న మనిషి మాటేమిటి? లోపం తన విశ్వాసంలోనే ఉందని లోలోపల కుమిలిపోతుంది. కొన్నాళ్లకు రావడం మానేస్తుంది. ఎవరూ ఎందుకని అడగరు. ఇక్కడ ముందుగా ముగియని సంగతులే చెప్పిస్తారని తెలిసి వచ్చాను.

పాటలయ్యాక పాస్టరు గారు ఓ పొడుగు నోట్‌బుక్కు తెరిచారు. పక్కనే కూర్చున్నాను గనక పేజీ కనిపించింది. స్కేలుతో గీసిన నాలుగు గళ్లు: తేదీ, పేరు, మనవి, ఎవరు వెళ్లారు. జవాబు వచ్చిందా అనే గడి లేదు. తర్వాత అడిగితే, "అది ప్రభువు చూసుకునే లెక్కండీ. మనలో ఎవరు ఆ గడప తొక్కారన్నదే నన్ను అడుగుతాడు" అన్నారు.

ఇళ్లల్లో పనిచేసే ఒకావిడ కొంగు తలమీదికి లాక్కుని లేచింది.

"మా ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్ అయ్యగారూ. ఆరోగ్యశ్రీల అయితున్నది, దానికైతే పైసలు అడుగుతలేరు. తోడు పోతే నా పని పోతది, పనికి పోతే ఆయన ఒక్కడే పడుంటడు. ఏడాదాయె. ప్రార్థన చేసి చేసి నోరెండిపోయింది. దేవుడు ఇంటున్నడో లేదో ఎరుక లేదు."

అలా అనకూడదమ్మా అని ఎవరూ సర్దిచెప్పలేదు. పాస్టరు గారు 13వ కీర్తన తీసి చదివారు. అందులో మొదటి రెండు వచనాల్లోనే ఇంకెంతకాలమని నాలుగుసార్లు దేవుణ్ణి నిలదీస్తాడు కీర్తనకారుడు. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా ఇలాంటి మొరలే. 88వ కీర్తనైతే చీకటి మాట దగ్గరే ఆగిపోతుంది. "ఈ మాటల్ని దేవుడు తన గ్రంథంలోంచి కొట్టేయించలేదు. నువ్వన్న మాటా కొట్టేయడు తల్లీ" అన్నారాయన. ఆపైన ఏలీయా సంగతి చెప్పారు. చచ్చిపోతే బాగుండునని చెట్టుకింద పడుకున్న ఆ ప్రవక్తను దేవదూత గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి పెట్టాడు.

ఇలా నోరు విప్పనిస్తే సంఘంలో విశ్వాసం పలచబడుతుందని అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. దేవుడు లేడనుకున్న మనిషి పస్తుండి, ఇన్ని మెట్లెక్కి వచ్చి ఆయన మీద ఫిర్యాదు చేయదు.

నోట్‌బుక్కులో వెనక్కి తిప్పితే 2020 అక్టోబర్ పేజీలు. ఆ నెల 13న కుండపోత, కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునగడం ఇక్కడెవరూ మరచిపోలేదు. మనవుల గడిలో బియ్యం, పరుపులు, బురద తీయాలి అని ఉంది. నాలుగో గడిలో ఒకటికి రెండుసార్లు "కింద ఇంటి భాయ్" అని రాసి ఉంది.

తెలుగు నేలమీద ఈ తరహా కాపరితనం పాతదే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అలమటించేవాళ్లకు కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడి, అలసి కూర్చున్నవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేవారు. అన్నం కోసం క్రైస్తవులయ్యారన్న మాట పడకూడదని ఆ కరువులో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం కాలువ గట్టుమీద కూర్చున్న బోధకులే ఎక్కువ గుర్తుంటారు.

ఆవిడ భర్త స్వస్థత కోసం అందరూ చేతులు చాచి ప్రార్థించారు, గట్టిగానే, ఏడుస్తూనే. ఆమేన్ అన్నాక పాస్టరమ్మ గారు, "మంగళవారం ఆస్పత్రికి నేనొస్తనక్కా" అన్నారు. కుట్టుపని చేసే ఒకామె గురువారం తనదంది. మిగిలింది శనివారం, అంటే మర్నాడే. ఎవరికీ కుదరలేదు. పాస్టరు గారు తన పేరే నాలుగో గడిలో రాసుకుని, "పొద్దున ఎన్నింటికి రమ్మంటారమ్మా?" అని అడిగారు. "ఆరింటికే అయ్యగారూ, లేటైతే మంచం దొరకదు" అందావిడ.