సంతబొమ్మాళి మొదలు పోతినమల్లయ్యపాలెము వఱకు

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి దాటి సముద్రము వైపు తిరిగినచో సంతబొమ్మాళి మండలము వచ్చును. ఉద్దానపు కొబ్బరితోటలు దీనికి ఉత్తరముగా నున్నవి. భావనపాడు చేపలరేవు ఈ మండలములోనిదే. 2023 ఏప్రిల్ 19వ తేదీన శంకుస్థాపన జరిగిన మూలపేట నౌకాశ్రయమును ఇందులోనిదే. చేరువనున్న తేలినీలాపురమున గూడబాతులును ఎఱ్ఱకాళ్ళ కొంగలును ఏటేట వచ్చి, చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని పోవును. చూడవచ్చినవారందఱు ఆ పక్షులను మెచ్చుకొందురు గాని, నాకు మాత్రము నౌపడ ఉప్పుమళ్ళే యెక్కువ వింతగా తోచును.

పోటునాటి సముద్రజలము కాలువవెంట లోనికి వచ్చును. దానిని మొదట పెద్దమడిలో నిలిపి, ఎండకు చిక్కబడనిచ్చి, పిమ్మట చిన్నమళ్ళలోనికి విడుతురు. కాలువ యొక్కటి, మళ్ళు వందలు. వంతుల ప్రకారము నీరు పెట్టుకొన్నంతకాలము అందఱికిని చాలును. అందఱును ఒక్క గడియలో గండ్లు తెఱచుకొన్నచో ఏ మడిలోను అడుగు తడవదు. ఈ సంగతి గుర్తుంచుకొనుడు, ముందు పనికివచ్చును.

మా ప్రాంతపు స్త్రీలకు సెల్‌ఫోను విలాసవస్తువు గాదు. ఉద్దానమునుండియు ఈ తీరమునుండియు మగవారు పనులకై దూరదేశములకు పోవుట పాతమాట. కొడుకు గొంతు తల్లికి వినబడునది ఆ చిన్నపెట్టెలోనే. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినప్పుడు కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభములును కూలెను. విద్యుత్తు లేక టవర్లు మూగవోయెను. ఇల్లు నిలిచినదో లేదో చెప్పుకొనుటకైన దారి లేకపోయెను. ఫోను మూగవోవుట యననేమో మాకు ఒకరు చెప్పనక్కఱలేదు.

2025 అక్టోబరు 12, ఆదివారమునాడు విశాఖపట్టణమున మన స్త్రీల జట్టుకును ఆస్ట్రేలియా జట్టుకును ప్రపంచకప్పు పోటీ యని తెలిసి, మేము నలుగురు స్త్రీలము ఇద్దఱు బాలికలను వెంటబెట్టుకొని బయలుదేరితిమి. నౌపడలో రైలెక్కవచ్చును గాని, విశాఖ స్టేషనులో దిగి మరల వెనుకకు రావలసియుండును; మైదానము నగరమునకు ఈవలనే, మధురవాడ దగ్గఱ పోతినమల్లయ్యపాలెములో నున్నది. కావున టెక్కలిలో బస్సెక్కితిమి. శ్రీకాకుళము దాటుచుండగా బాలికలకు కరణం మల్లీశ్వరిగారి కథ చెప్పితిని. ఆమదాలవలస చేరువ పల్లెలో పుట్టిన ఆమె 2000 సంవత్సరమున సిడ్నీలో బరువులెత్తి కంచుపతకము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన తొలి భారతస్త్రీ యయ్యెను. రణస్థలము, తగరపువలస, ఆనందపురము గడచి మధ్యాహ్నమునకు మధురవాడ చేరితిమి.

మైదానము పెద్దది, 25,000 మందికి పైగా పట్టును. ఇచ్చట 2005 ఏప్రిల్ 5వ తేదీన పాకిస్తానుపై ధోనీ 148 పరుగులు తీసినాడు. ఆనాటి ప్రేక్షకుల చేతులలోను ఫోనులుండెనేమో గాని, అవి ఎక్కువగా మాటలాడుటకును నాలుగక్షరములు పంపుటకునే. బొమ్మలు గాలిలో పంపుట ఇంకను అందఱి వాడుకలోనికి రాలేదు. ఈ దినమున మిథాలీ రాజ్ పేరును, మన ఆంధ్రబాలిక రావి కల్పన పేరును ఈ మైదానమున శాశ్వతముగా నిలిపిరి. పురుషుల పేర్లే కనబడు చోట ఆ రెండు పేర్లు చదివి మా బాలికలు చేతులు తట్టిరి. మనవారు 330 పరుగులు చేసిరి. కడప జిల్లా పిల్ల శ్రీచరణి మూడు వికెట్లు తీసినది. అయినను అలిస్సా హీలీ 142 పరుగులతో విజృంభింపగా, ఆస్ట్రేలియావారు ఒక ఓవరు మిగిలియుండగనే గెలిచిరి. ఓటమిని గూర్చి నే నిక్కడ ఏడువను.

నేను ఆటకంటె జనమును ఎక్కువగా చూచితిని. మంధాన బంతిని హద్దు దాటించినప్పుడెల్ల వేలచేతులు ఒక్కుమ్మడి పైకి లేచును; ప్రతిచేతిలో ఒక వెలుగుచున్న పలక. ఆ బొమ్మను ఆ క్షణముననే ఇంటికి పంపవలెనని అందఱికిని ఆత్రము. ఇక్కడనే నౌపడ కాలువ జ్ఞప్తికి వచ్చును. ప్రతి టవరునకును ప్రభుత్వమువారి వేలములో కొన్న తరంగముల భాగము ఇంత యని యుండును. అది కాలువ. దాని నీడలో నున్న ఫోనులన్నియు ఆ భాగమునే పంచుకొనవలెను. ఊరిలో నైనచో కొందఱు వంట చేయుచుందురు, కొందఱు నిద్రింతురు. వంతులు వాటియంతట అవియే కుదురును. ఆటస్థలమున అందఱికిని ఒకటే ఘడియ. గుర్తు నిండుగా చూపుచునే ఫోను పలుకకుండుటకు కారణ మిదియే: టవరు కనబడుచున్నది, వంతు రాలేదు.

మఱొక చిక్కు గలదు. ఇంటిలో మనము చూచునదే యెక్కువ, పంపునది తక్కువ. వ్యవస్థ కూడ ఆ లెక్కకే కట్టబడినది. మైదానమున అందఱును పంపువారే. పైగా టవరుతో పోల్చిన ఫోను గొంతు మిక్కిలి సన్నము, మనుష్యదేహమో నీటికుండ వంటిది, రేడియోతరంగములను త్రాగివేయును. వేలదేహముల నడుమ ఆ సన్నని గొంతు ఎంత దూరము పోగలదు?

దీనికి పెద్ద టవరు నింకొకటి నిలుపుట మందు గాదు. కాలువను పెద్దది చేయలేనప్పుడు మళ్ళను చిన్నవి చేసి, ఒక్కొక్క చిన్నచెక్కకు ఒక ఊటబావి త్రవ్వవలెను. మైదానమును పదుల కొలది ముక్కలుగా విభజించి, పైకప్పు క్రిందను మెట్లప్రక్కను చిన్న ఆంటెనాలు అమర్చి, ఒక్కొక్కదానిని గాజుతంతులతో మూలయంత్రమునకు కలుపుదురు. అప్పుడు అదే తరంగములు ఈ ముక్కలోను ఆ ముక్కలోను మరల మరల వాడుకకు వచ్చును. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున 2014లో తెఱచిన లెవైస్ స్టేడియములో వేయికి మించిన వైఫై పెట్టెలు పెట్టిరి. వానిలో పెక్కు ఆసనముల క్రిందనే యున్నవి. ఇందులో నొక చమత్కారము: తరంగములను త్రాగివేయు మనుష్యదేహములే ఇచ్చట ఒక ముక్కకును ఇంకొక ముక్కకును నడుమ గోడలై ఉపకరించును. మన దేశమున 2022 అక్టోబరులో ఆరంభమైన 5జీ యందు, ఆంటెనా తన కిరణమును గుంపులోని కొందఱివైపు త్రిప్పి పట్టగల నేర్పున్నది. ఏడాదికి నాలుగుదినములు మాత్రమే నిండు మైదానములకు లారీలపై టవర్లను తెచ్చి నిలుపుటయు కలదు. ఒకే ఆంటెనాల వరుసను కంపెనీలన్నియు పంచుకొన్నచో ఖర్చు తగ్గును, గోడలకు బెజ్జములును తగ్గును. పంచుకొనుటకు మనసొప్పవలెను, తోడికోడండ్ర వంటయిల్లు వంటిదే యిదియు.

బొమ్మలు పంపుకొనుటకేనా యింత యారాట మని మీ యింటి పెద్దలడుగవచ్చును. మా బంధువులలో నొకావిడ వేఱొక పట్టణమున ఆట చూడబోయినది. జనములో పదేండ్ల మేనకోడలు చేయి విడిపోయినది. పిల్ల యొద్దను ఫోనున్నది, ఆమె యొద్దను ఉన్నది, రెండును పలుకలేదు. ముప్పావుగంట తరువాత పిల్ల ఒక టీకొట్టు దగ్గఱ దొరికినది. పిల్ల పంపిన “అత్తా, నేనిక్కడున్నాను” అను సందేశము వారు ఇంటికి పోవు దారిలో, ఊరు దాటిన పిదప మ్రోగినది. నాటినుండి ఆవిడ ఆటలకు పోవుట మానినది. పురుషుడైనచో ఇంకొకసారి పోవును. స్త్రీకి ఇంటిలో ఆ అనుమతి రెండవసారి దొరకదు. నేను కోపగించుకొనునది ఇందుకు.

జనసమ్మర్దము ఆటస్థలములకే పరిమితము గాదు. 2025 నవంబరు 1వ తేదీ, కార్తిక ఏకాదశి శనివారము, మా పలాస కాశీబుగ్గలోని వేంకటేశ్వరాలయమున తొక్కిసలాట జరిగి తొమ్మండుగురు ప్రాణములు విడిచిరి. వారిలో స్త్రీలే అధికము. మెట్లును కటకటాలును చేసిన కీడును ఏ సెల్‌ఫోనును ఆపలేదు, నిజమే. కాని లోన ఏమి జరుగుచున్నదో వెలుపలివారికి తెలియుటకును, వెలుపలినుండి “ఇక రావలదు” అను మాట అందుటకును మార్గముండవలెను గదా. ఆ మఱునాడే నవీ ముంబయిలో మన స్త్రీలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు గెలిచిరి. మా వీధిలో ఆట చూచినవారు చూచిరి. టపాకాయ మాత్రము ఎవరును కాల్చలేదు.

ఏర్పాట్లు కుదురునంతవఱకు మనము చేసికొనవలసిన పనులు కొన్ని యున్నవి. ప్రవేశపత్రము ఫోనులోనే యుండు కాలమిది గనుక, దాని బొమ్మను ముందురోజే ఫోనులో దాచుకొనుడు. ద్వారముకడ వెదకినచో దొరకకపోవచ్చును. లోనికి పోకముందే, విడిపోయినచో కలిసికొను చోటు ఒకటి చూచి పిల్లలచే రెండుమాఱులు చెప్పింపుడు. పసిపిల్లల ముంజేతిపై మీ నెంబరు చెరగని సిరాతో వ్రాయుడు. బొమ్మ పోని చోట పొట్టి అక్షరసందేశము తఱచు పోవును. మేము పాటించినవి ఇవియే. ఆ రాత్రి ఆట ముగిసిన పిదప ఆరుగురమును ద్వారము వెలుపల మేము చూచుకొన్న స్తంభము దగ్గఱ చేరి, లెక్కపెట్టుకొని, టెక్కలి బస్సునకు నడచితిమి.

ఇక ఏర్పాట్ల సంగతి. శ్రీకాకుళమున కోడి రామ్మూర్తినాయుడుగారి పేర ఒక క్రీడాంగణ మున్నది. రేపు మా టెక్కలిలోను పలాసలోను ఇంకను కట్టవచ్చును. కట్టువారిని మన స్త్రీసంఘములు అడుగవలసినది చిన్నమాట. ఇల్లు కట్టునప్పుడు గచ్చు పోయకముందే తూముగొట్టము వేయించుకొనుమని మేస్త్రీకి చెప్పునది మనమే; పోసిన తరువాత పగులగొట్టించుట ఎంత ఖర్చో మనకు తెలియును. మెట్ల కాంక్రీటు పోయుటకు ముందే గాజుతంతుల గొట్టములకును, ఆంటెనాలకును, కరెంటు పోయినను నడచు బ్యాటరీల గదికిని చోటు విడిచిరా యని అడుగుదము. స్నానగదులు ఎన్నియని అడుగు కాగితముననే ఇదియు ఒక పంక్తి వ్రాయవచ్చును.