తమ్ముడి బండికి కొత్త మూతి

‘‘కా... నాయినకి చెప్పొద్దు.’’

రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మా తమ్ముడు అన్న మొదటి మాట ఇదే. నా గుండె గుభేలుమంది. ‘ఏమైందిరా?’ అంటే ఓ నిమిషం పలకలేదు. ఆ తర్వాత ‘‘నాకేం కాలేదు. బండికే’’ అన్నాడు.

మాది చిత్తూరు జిల్లా ఐరాల. ఐరాల అంటే చాలామంది ‘ఎక్కడ?’ అనడుగుతారు. కాణిపాకం అంటే మాత్రం వెంటనే చేతులు జోడిస్తారు. ఆ కాణిపాకం మా మండలంలోదే. నేనేమో ఉద్యోగం పేరుతో తిరుపతిలో ఉంటున్నా. తమ్ముడు పాలిటెక్నిక్ అయ్యాక చిత్తూరు దగ్గర ఓ ఫ్యాక్టరీలో చేరాడు. వాడి బండి యమహా ఆర్15, మూడో వెర్షన్, నీలం రంగు. 2019లో మామిడికాయలు అమ్మిన డబ్బులో సగం, ఓ పాడి ఆవును అమ్మిన డబ్బు మొత్తం కలిపి నాయిన కొనిచ్చాడు. కొన్నరోజే కాణిపాకం తీసుకెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పూజ చేయించుకుని మరీ ఇంటికి తెచ్చారు. ఆవును అమ్మినందుకు అమ్మ రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. అదీ ఆ బండి ఖరీదు!

2024 మార్చిలో, డ్యూటీ దిగి వస్తుంటే చెరకు ట్రాక్టరు వెనకనుంచి కుక్క అడ్డమొచ్చిందట. బ్రేకేశాడు. బండి ఎడమవైపుకి పడి జారుకుంటూ పోయింది. మోచేయి గీసుకుపోయింది. ఎడమ పక్క ప్యానెల్ రెండు ముక్కలైంది. ముందు మూతి పగిలింది. బండిని చిత్తూరులో తెలిసిన మెకానిక్ షెడ్డులో పెట్టి, ‘సర్వీసుకిచ్చినా’ అని ఇంట్లో చెప్పి, నాకు ఫోన్ చేశాడు.

ఆర్15 లాంటి బళ్లకి హెడ్‌లైటు చుట్టూ మొదలై ఇంజను పక్కల దాకా ఓ చొక్కా తొడిగినట్టు ఉంటుంది చూడండి, దాన్నే ఫెయిరింగ్ అంటారు. మా వైపు మెకానిక్కులు ‘ఫైబర్’ అంటారు కానీ, కంపెనీ బిగించేది ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. గాలి ఎదురుతన్నకుండా బండి దూసుకుపోవడానికి రేసుల కోసం పుట్టిందిది. 1950లలో ముందు చక్రం కూడా కనిపించకుండా మూసేసే తొడుగులతో రేసుల్లో దిగేవాళ్లు. పక్కగాలి కొడితే బండి అదుపు తప్పుతోందని 1958 నుంచి వాటిని రేసుల్లో నిషేధించారు. మన దగ్గర 2003లో కరిజ్మా సగం చొక్కాతో వచ్చింది. 2008లో ఆర్15 నిండా తొడుక్కుని వచ్చింది. ఇక కుర్రాళ్లు ఆగుతారా!

షోరూమ్‌లో అడిగితే ప్యానెల్, మూతి, వైజర్, స్టిక్కర్లు, బిగింపు కూలీ అన్నీ కలిపి పదకొండు వేల చిల్లర చెప్పారు. సరుకు రావడానికి మూడు వారాలన్నారు. తమ్ముడి భయం డబ్బు గురించి కాదు, ఆ మూడు వారాల గురించి. అన్ని రోజులు సర్వీసేంట్రా అని నాయిన అడగడూ?

అప్పుడు దొరికిందే ఆన్‌లైన్ కిట్. ‘ఫుల్ కిట్, ఒరిజినల్ క్వాలిటీ, పర్ఫెక్ట్ ఫిట్, ఐదు రోజుల్లో డెలివరీ, ఆరున్నర వేలు.’ పెద్ద షాపింగ్ సైటేం కాదు. ఫొటోలు పెట్టి, ఫోన్‌లో మెసేజీలతో బేరాలాడి, డబ్బు ముందే వేయించుకునే రకం. తమ్ముడు లింకు పంపాడు. ఫొటోల్లో బండి ధగధగా మెరిసిపోతోంది. వినియోగదారుల హక్కుల మీద మా పేపర్లో రెండు వ్యాసాలు రాసినదాన్ని నేను. ‘బిల్లు అడగండి, అమ్మేవాడి చిరునామా చూడండి’ అని ఊరందరికీ చెప్పినదాన్ని. తీరా నా వంతు వచ్చేసరికి ఏ ఒక్కటీ అడగలేదు. తమ్ముడి గొంతులో వణుకే వినబడుతోంది తప్ప ఇంకేమీ తోచలేదు. రెండు నిమిషాల్లో డబ్బు పంపేశా.

నీలం కంటే ఎరుపు-నలుపు కిట్ ఐదొందలు తక్కువ. వాడు దానిమీద మనసు పడ్డాడు. అక్కడ మాత్రం నాకు కాస్త బుర్ర పనిచేసింది. బండి రంగు ఆర్సీలో రాసుంటుంది. మారిస్తే ఆర్టీవో దగ్గర నమోదు చేయించుకోవాలి. కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండి రూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. పాడైన భాగం తీసి అదే రంగుది, అదే కొలతది వేసుకుంటే ఈ గొడవ లేదు. ‘నీలమే’ అన్నా. అదొక్కటే నేను చేసిన తెలివైన పని.

ఐదు రోజులు పోయి పద్దెనిమిది రోజులైంది. ఇంట్లో నాయిన రోజూ ఒకే ప్రశ్న. ‘‘ఏమి రా, బండి యాడ?’’

‘‘సర్వీసు చేస్తా ఉండారు నాయినా.’’

‘‘ఇంజను కడగతా ఉండారా, కొత్తది పోత పోస్తా ఉండారా?’’

మా ఊళ్లో అబద్ధం ఆడటం మిగతా ఊళ్లలో ఆడినంత తేలిక కాదు. అప్పు ఎగ్గొట్టినవాడి దగ్గర్నుంచి ఆవును దొంగిలించినవాడి దాకా ఎవరిమీద అనుమానం వచ్చినా ‘కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?’ అంటారు. అక్కడి పుష్కరిణిలో మునిగి స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చేసే ధైర్యం ఎవరికుంటుంది? నాయిన ఎక్కడ ఆ మాట అంటాడోనని వీడు రోజూ హడలిపోయాడు.

చివరికి పార్శిల్ వచ్చింది. ఊళ్లోకి రామని కొరియర్‌వాళ్లు అంటే చిత్తూరు వెళ్లి తెచ్చుకున్నాడు. ఆదివారం కావడంతో నేనూ షెడ్డుకి వెళ్లా. అట్టపెట్టె విప్పగానే గుప్పుమని పెయింటు వాసన. చూడ్డానికి బాగానే ఉంది. మెకానిక్ ఎడమ ప్యానెల్ తీసుకుని బండికి ఆనించాడు. పైన బోల్టు కుదిరితే కింద అంగుళం తేడా. కింద బిగిస్తే పైన బొక్కలు తప్పాయి.

‘‘ఇది కంపెనీ అచ్చులో పోసింది కాదు మేడమ్’’ అన్నాడాయన, వెనక్కి తిప్పి చూపిస్తూ. కంపెనీవాళ్లు కరిగించిన ప్లాస్టిక్‌ని ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో ఎక్కిస్తారు. వెయ్యి ముక్కలు తీసినా వెయ్యీ ఒకేలా వస్తాయి. లోపలి లాకులు, బోల్టు బొక్కలు అన్నీ అందులోనే పడిపోతాయి. నకళ్లు తీసేవాళ్లు అసలు ముక్కమీద అచ్చు తీసుకుని, గాజునార, రెజిన్‌తో చేతిపని చేస్తారు. ఆరేటప్పుడు అది కాస్త ముడుచుకుంటుంది. ఒకచోట మందం, ఇంకోచోట పల్చన. బొక్కలు డ్రిల్లింగ్ మిషన్‌తో అంచనాగా వేస్తారు. మాకొచ్చింది ఆ బాపతే. లోపలివైపు నార పోగులు చేతికి గుచ్చుకుంటున్నాయి.

ఆకురాయితో అరిగించి, కొత్త బొక్కలు వేసి, మొత్తానికి బిగించాడు. తమ్ముడి ముఖం వెలిగింది. అప్పుడు మెకానిక్ హ్యాండిల్‌ని ఎడమవైపు పూర్తిగా తిప్పాడు. సగంలో టక్‌మని ఆగింది. మూతి లోపలి అంచుకి బ్రేకు పైపు తట్టుకుంటోంది.

‘‘మలుపులో ఇట్ల పట్టుకుంటే ఏమవుతాది, చెప్పు?’’ అని తమ్ముణ్ని అడిగాడు. వాడు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. రేడియేటర్‌కి గాలి పోయే సందు కూడా సగం మూసుకుపోయిందని ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు ఆ టక్‌మన్న చప్పుడే వినబడుతోంది. నాయినకి తెలియకూడదని ఆరున్నర వేలు పెట్టి నేను కొన్నది ఇదన్నమాట!

అమ్మినవాడికి మెసేజ్ పెడితే ‘పెట్టె విప్పుతూ వీడియో తీశారా?’ అన్నాడు. తీయలేదు. ‘అయితే రిటర్న్ లేదు.’ ఆ తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాడు తన పేరు, చిరునామా చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా. నంబర్ ఇచ్చారు. కానీ నా దగ్గర బిల్లు ఏది? చిరునామా ఏది? ఓ ఫోన్ నంబర్, నాలుగు మెరిసే ఫొటోలు! ఆ డబ్బు ఇంతవరకూ రాలేదు.

ఆ రాత్రి ఐరాలలోనే ఉన్నా. అన్నం తింటూ నాయిన ఉన్నట్టుండి ‘‘రేపు పొద్దున కాణిపాకం పోదాం’’ అన్నాడు. తమ్ముడి చేతిలో ముద్ద అట్లానే ఆగిపోయింది. నాకూ చెమట్లు పట్టాయి.

‘‘ఎ...ఎందుకు నాయినా?’’

‘‘మోచెయ్యి మానింది గదా. టెంకాయ కొట్టొద్దామని.’’

ఆయనకి మొదటిరోజే తెలుసట! మార్చి ఎండల్లో ఇంట్లో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకుని తిరిగే కొడుకుని చూసి ఏ తండ్రికి అనుమానం రాదు? బెల్లం మండీకి వెళ్లినప్పుడు షెడ్డులో బండిని కూడా చూసొచ్చాడు. మెకానిక్‌కి ‘నేనొచ్చినట్టు చెప్పొద్దు’ అని ఆయనా ఓ మాట అప్పజెప్పాడు. మా ఇంట్లో దాపరికం మా ఇద్దరి సొత్తే అనుకున్నా!

కాణిపాకంలో స్వామి ఏటేటా పెరుగుతూ ఉంటాడని మా నమ్మకం. ఒకప్పుడు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టడం లేదంటారు. దండం పెట్టుకుంటుంటే తమ్ముడు నా చెవిలో ‘‘అదీ ఆన్‌లైన్లో తెప్పించుంటారు కా’’ అన్నాడు. చెంపలేసుకోమని నెత్తిన ఒక్కటిచ్చా.

మంగళవారం తొలి బస్సుకి తండ్రీకొడుకులు చెన్నై వెళ్లారు. పుదుపేటలో పాత బళ్ల సామాన్లు వీధుల పొడవునా గుట్టలుగా ఉంటాయి. నాయిన విరిగిన పాత ప్యానెల్‌ని సంచిలో పెట్టుకుని మరీ వెళ్లాడు. దాన్ని ఆనించి, బొక్కకి బొక్క సరిచూసి, బేరమాడి, కంపెనీ ముక్కలే తెచ్చాడు. మూడు వేల రెండొందలు. అదే నీలం. మెకానిక్ చేతిలో ఒక్క దెబ్బకి టపటపా కూర్చున్నాయి. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగింది.

బండి ఇంటికొచ్చిన సాయంత్రం అమ్మ తడిగుడ్డతో తుడుస్తూ ఎడమ ప్యానెల్ దగ్గర ఆగింది. దానిమీద బారెడు గీతలున్నాయి. మన బండి గీతలు కావు, అది ఇంతకుముందున్న బండివి.

‘‘ఇది కూడా పడిందేనా?’’

‘‘పాత సామాను గదమ్మా. ఏదో పడిన బండిదే అయుంటాది.’’

అమ్మ వేలితో ఆ గీతల్ని తడిమింది. ‘‘ఆ పిల్లోడికేం కాలేదు గదా?’’ అంది.

తమ్ముడు నాయిన వంక చూశాడు. ‘‘ఏం కాలేదులే’’ అని, నాయిన ఆవుకి గడ్డి వేయడానికి లేచి వెళ్లాడు.